పాత లోగిలిని అతిథులకు తెరిచే ముందు: ఏ దారిలో పర్యావరణానికి ఎంత మేలు

ఊళ్లో తాతల నాటి మండువా లోగిలి తాళం వేసి ఉంటుంది. వారసుల్లో ఒకరు హైదరాబాదులో, ఇంకొకరు బెంగళూరులో, మరొకరు డాలస్‌లో ఉంటారు. ఏటా వానలకు ముందు పెంకు నేయించడానికీ, చెదలు తిన్న వాసాలు మార్పించడానికీ డబ్బు పంపడం తప్ప ఆ ఇంటితో వారికి వేరే సంబంధం ఉండదు. ఏదో ఒక సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు ప్రశ్న రానే వస్తుంది. దీన్ని పడగొట్టి ఆ స్థలంలో లాడ్జి కట్టించడమా, ఉన్నదాన్నే బాగుచేసి పర్యాటకులకు వసతిగా ఇవ్వడమా, ఏదైనా హోటల్ సంస్థకు లీజుకు అప్పగించడమా, అసలు పర్యాటకం జోలికే పోకుండా వేరే పనికి వాడుకోవడమా? ఆదాయం వైపు నుంచి ఈ ప్రశ్నకు సలహా చెప్పేవారు చాలామంది దొరుకుతారు కాబట్టి, ఇక్కడ ఆ దారులను పర్యావరణం వైపు నుంచి మాత్రమే పోల్చి చూస్తాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పాత భవనాన్ని వసతిగా మార్చినంత మాత్రాన అది పర్యావరణ సేవ అయిపోదు. ఆ భవనంలో ఎంత భాగాన్ని కదపకుండా ఉంచగలిగాము, దాని గోడలూ బావీ మోయగలిగినంతమంది అతిథులనే పెట్టుకున్నామా అన్న రెండు విషయాల మీదే మేలంతా ఆధారపడి ఉంటుంది. కింద చెప్పే పోలికలన్నిటినీ ఈ రెండు కొలతలతోనే చేశాను.

మేస్త్రి లెక్కతో మొదలు

కర్బన ఉద్గారాల లెక్క అనగానే అది నిపుణుల వ్యవహారమనుకుని చాలామంది వదిలేస్తారు గాని, మొదటి అంచనాకు మన మేస్త్రులు నోటితో చెప్పే లెక్క చాలు. కాంక్రీటు భవనానికి చదరపు అడుగుకు సుమారు 0.4 బస్తా సిమెంటు, 4 కిలోల ఇనుము పడుతుందని వారు అంటారు. పది గదుల లాడ్జికి 5,000 చదరపు అడుగులు అనుకుంటే 2,000 బస్తాలు, అంటే 100 టన్నుల సిమెంటు, 20 టన్నుల ఇనుము కావాలి. ఒక టన్ను సిమెంటు తయారీలో సుమారు 0.6 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందనీ, ఒక టన్ను ఉక్కుకు 2 టన్నులనీ వేసుకుంటే, ఈ రెండిటి వల్లనే 100 టన్నులు గాలిలో కలుస్తాయి. ఇటుకలు, టైల్స్, అల్యూమినియం కిటికీలు, లారీ రవాణా, పడగొట్టిన పాత ఇంటి శిథిలాలను ఎక్కడో చెరువు గట్టున పారబోయడం ఈ లెక్కలో లేనేలేవు. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం సిమెంటు పరిశ్రమదేనన్న సంగతి గుర్తుంచుకుంటే, నిలబడి ఉన్న గోడను నిలబడనివ్వడం ఎంత పెద్ద పొదుపో అర్థమవుతుంది.

అయితే ఇదే లెక్కను ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సగటున 1.2 యూనిట్లు వాడుతుందనీ, రోజుకు పది గంటల చొప్పున ఏడాదికి 200 రాత్రులు నడుస్తుందనీ అనుకుంటే, ఒక్కొక్క గదికి 2,400 యూనిట్లు అవుతాయి. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి గదికి ఏటా 1.7 టన్నులు, పది గదులకు 17 టన్నులు. అంటే కొత్త కట్టడం మానుకుని మనం మిగిల్చిన 100 టన్నులు ఆరేళ్ల ఏసీ వాడకంతో సమానం. కొత్త లాడ్జి అయినా పాత లోగిలి అయినా ఏసీ ఒకటే కదా అని వాదించవచ్చు, అది నిజమే. మొదటి రోజున మిగిలిన 100 టన్నులు ఎవరూ తీసుకుపోలేరు. కాని పాత భవనానికి దక్కవలసిన రెండో లాభం, అంటే ఏసీ అవసరమే తగ్గడం, మనం దాన్ని ఎలా మారుస్తామన్నదాన్ని బట్టి మిగలడమో పోవడమో జరుగుతుంది.

ఈ విషయంలో అమెరికాలోని నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ వారి పరిశోధక విభాగం 2011లో వెలువరించిన అధ్యయనం చదవదగినది. సగటు భవనం కంటే 30 శాతం తక్కువ శక్తితో నడిచే కొత్త భవనం కూడా తన నిర్మాణం వల్ల వాతావరణానికి కలిగిన నష్టాన్ని పూడ్చుకోవడానికి, భవనం రకాన్ని బట్టి, 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని ఆ అధ్యయనం తేల్చింది. దీన్ని ఉటంకించేవారు చాలామంది వదిలేసే ఇంకొక ఫలితం కూడా అందులో ఉంది: పాత గోదామును నివాస గదులుగా మార్చిన సందర్భంలో కొత్త సామగ్రి అంత భారీగా వాడవలసి వచ్చింది కాబట్టి పునర్వినియోగం వల్ల రావలసిన లాభం రాలేదు. మన సంక్రాంతి చర్చకు ఈ రెండో ఫలితమే ఎక్కువ పనికివస్తుంది. లోపలంతా పడగొట్టి ముందు అరుగులూ స్తంభాలూ మాత్రం మిగిల్చి, వెనక కాంక్రీటు గదులు లేపి దాన్ని వారసత్వ వసతి అని పిలిస్తే, పర్యావరణం లెక్కలో అది కొత్త లాడ్జికి దగ్గరగానే ఉంటుంది.

గోడ, కప్పు, మండువా

పాత ఇల్లు చల్లగా ఉంటుందని అందరూ అంటారు. ఎందుకు చల్లగా ఉంటుందో తెలుసుకోకపోతే మార్పులు చేసేటప్పుడు సరిగ్గా ఆ కారణాన్నే చెరిపేస్తాము. తెలంగాణలో, రాయలసీమలో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా బాగా ఉంటుంది కాబట్టి మందపు రాతిగోడ పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుని రాత్రి చల్లగాలికి వదిలేస్తుంది. అక్కడ గోడే సగం ఏసీ. కోనసీమలో, కృష్ణా డెల్టాలో వేసవి రాత్రులు కూడా ఉక్కగా ఉంటాయి కాబట్టి గోడ మందం ఒక్కటే ఆదుకోదు. అక్కడ పనిచేసేది గాలి కదలిక: నాలుగు వైపుల నుంచి లోపలికి వాలిన పెంకుటి కప్పు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, ఎదురెదురుగా ఉన్న గుమ్మాలు, వేడి గాలి పైకి పోవడానికి పెంకుల మధ్య సందులు. ఈ తేడా తెలియక డెల్టాలోని లోగిలిని బాగుచేసేటప్పుడు మండువా మీద ఫైబర్ షీటు వేసి మూసేయడం, పెంకుల కింద ఫాల్స్ సీలింగు కొట్టడం ఇప్పుడు చాలాచోట్ల జరుగుతోంది. వాన లోపలికి రాదు, దుమ్ము పడదు, నిజమే. కాని ఆ షీటు కింద ఎండ వేడి పోగై, గాలి నిలిచిపోయి, ఆ ఇంట్లో మొదటిసారిగా ఏసీ తప్పనిసరి అవుతుంది. మండువా మూయక తప్పదనుకునేవారు వసతి ఆలోచన మానుకుని ఆ ఇంటిని ఇంకేదైనా పనికి వాడుకోవడం మంచిదని నేను అనుకుంటాను.

సున్నం సంగతి కూడా ఇంతే ముఖ్యమైనది. గానుగలో ఆడించిన డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూత వేస్తే నేల నుంచి ఎక్కిన చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, కొన్నేళ్లకు పూత పెచ్చులుగా ఊడుతుంది. వెనక ఇటుక పిండిపిండి అవుతుంది. అప్పుడు మళ్లీ సిమెంటు, మళ్లీ రంగులు, మళ్లీ ఖర్చు. సున్నపురాయిని కాల్చడానికి సుమారు 900 డిగ్రీల వేడి చాలు, సిమెంటు బట్టీకి 1,450 డిగ్రీలు కావాలి. పైగా సున్నం గట్టిపడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత తిరిగి తీసుకుంటుంది. పనివాళ్లు దొరకరన్నది పాతబడిన సాకు. హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి 2024 దాకా ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ఆధ్వర్యంలో జరిగిన పునరుద్ధరణలో సున్నపు పని, రాతి పని చేసే చేతులు పెద్ద సంఖ్యలో పనిచేశాయి. కామారెడ్డి జిల్లాలోని దోమకొండ గడి పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. అటువంటి చేతులకు ఒక జిల్లా నుంచి ఇంకొక జిల్లాకు పని అందుతూ ఉండడం కూడా సుస్థిరతలో భాగమే.

కలప గురించి ఒక మాట. ఎండిన టేకు బరువులో దాదాపు సగం కర్బనమే కాబట్టి ఇంట్లో నిలబడి ఉన్న ప్రతి దూలమూ, ప్రతి స్తంభమూ వందేళ్ల కిందట ఏదో అడవి గాలి నుంచి తీసుకుని దాచిన నిల్వ. తమిళనాడులోని కారైకుడిలో పాత సామాను అమ్మే వీధిలో చెట్టినాడు ఇళ్ల ద్వారబంధాలు, స్తంభాలు విడివిడిగా అమ్మకానికి నిలబెట్టి ఉంటాయి. కొన్నవారు వాటిని కొత్త ఇళ్లలో వాడుకుంటారు కాబట్టి ఆ నిల్వ పూర్తిగా పోదు గాని, వాటిని కోల్పోయిన ఇల్లు మాత్రం మళ్లీ లేవదు.

నీళ్ల లెక్క, జైసల్మేర్ పాఠం

కర్బనం కంటే ముందు నీళ్ల దగ్గరే చాలా పాత భవనాలు ఓడిపోతాయి. రాజస్థాన్‌లోని జైసల్మేర్ కోట 12వ శతాబ్దంలో మెత్తటి రాతి గుట్ట మీద కట్టినది. ఎడారిలో, వానలు అరుదైన చోట, నీళ్లు బిందెలతో మోసుకువచ్చే రోజుల్లో ఆ కోటకు నీటితో సమస్య రాలేదు. కుళాయిలు వచ్చి, కోట లోపలి ఇళ్లు అతిథి గృహాలుగా, హోటళ్లుగా మారి, ఒక్కొక్క గదికీ స్నానాలగది చేరాక, వాడిన నీరు పాత తూములు మోయలేనంత అయ్యింది. కారిన నీరు గుట్టలోకి ఇంకి పునాదులు వదులై బురుజులు, గోడలు కూలాయి. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఆ కోటను 1996లోనే ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. అక్కడ ఎవరూ కోటను పడగొట్టాలనుకోలేదు. అందరూ దాన్ని అతిథులకు చూపించుకుని బతకాలనే అనుకున్నారు. ఒక్కొక్క ఇంటి మార్పు విడిగా చూస్తే చిన్నదే గాని, అన్నీ కలిపి గుట్ట మోయలేనంత అయ్యాయి.

మన దగ్గర భవనాల నీటి సరఫరా ప్రమాణాల్లో మామూలు హోటళ్లకు మంచానికి రోజుకు 180 లీటర్లు, నాలుగు నక్షత్రాలు, ఆ పైవాటికి 320 లీటర్లు లెక్కగడతారు. పది గదులు, ఇరవై మంచాలు అంటే రోజుకు 3,600 లీటర్లు. అయిదారుగురున్న కుటుంబం వాడుకునే నీటికి ఇది నాలుగైదు రెట్లు. కోనసీమలో తవ్విన కొద్ది అడుగులకే నీరు తగిలే చోట ఈ మురుగునంతా ఒక ఇంకుడు గుంతలోకి వదిలితే అది పొరుగువారి బావిలోకే చేరుతుంది. రాయలసీమలో అయితే సమస్య తలకిందులు. మురుగు కన్నా ముందు బోరు ఎండిపోతుంది. కాబట్టి ఎన్ని గదులు పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఇంటి విస్తీర్ణంలో వెతకకూడదు, బావిలోనూ పెరటి నేలలోనూ వెతకాలి.

స్నానాలగదులు ఎక్కడ కట్టాలన్నది కూడా ఇక్కడే తేలాలి. పాత లోగిళ్లలో స్నానం, దొడ్డి పెరట్లోనే ఉండేవి. అదే క్రమాన్ని ఇప్పటి వసతికీ పాటించి, పెరటి వైపు విడిగా తేలికపాటి గదుల వరుస కట్టి, కప్పు ఉన్న నడవతో ఇంటికి కలిపితే, పాత గోడలకు గొట్టాల కోసం గాడులు కొట్టనక్కరలేదు, చెక్క దూలాల మిద్దె మీద నీళ్లు పోయనక్కరలేదు, చెదలకు దారి ఇవ్వనక్కరలేదు. రేపు వసతి మానేస్తే ఆ వరుసను తీసేయవచ్చు, ఇల్లు ఎప్పటిలా ఉంటుంది. పడక గదికి ఆనుకుని స్నానాలగది లేకపోతే అతిథులు రారన్న భయం నాకు అర్థమవుతుంది. కొందరు నిజంగానే రారు. పాత ఇంట్లో ఉండాలని వెతుక్కుంటూ వచ్చేవారిలో మాత్రం చాలామంది నాలుగు అడుగులు నడవడానికి ఇబ్బంది పడరు.

దారులను పక్కపక్కన పెడితే

హోటల్ సంస్థకు లీజుకు ఇచ్చే దారికి మనకు దగ్గరి ఉదాహరణ ఫలక్‌నుమా. పాయిగా వంశీకుడు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించిన ఈ భవనం తరువాత ఆరవ నిజాం చేతికి వచ్చింది, దశాబ్దాలు మూసి ఉంది, తాజ్ సంస్థ లీజుకు తీసుకుని దాదాపు పదేళ్లు పునరుద్ధరించాక 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరుచుకుంది. అంత పెద్ద భవనాన్ని ఒక కుటుంబం తన సొంత డబ్బుతో నిలబెట్టడం అసాధ్యం కాబట్టి ఇక్కడ లీజే సరైన దారి. నిజాం కుటుంబానికే చెందిన చౌమహల్లా భవనం 2005లో మ్యూజియంగా తెరుచుకుని, 2010లో యునెస్కో పురస్కారం పొందింది. రెండిటి పునరుద్ధరణ వెనకా నిజాం వారసుడు ముకర్రం జా మాజీ భార్య, యువరాణి ఎస్రా పర్యవేక్షణ ఉంది. ఒకే నగరంలో, ఒకే వారసత్వంలో రెండు భవనాలకు రెండు దారులు ఎంచుకోవడం నాకు చాలా వివేకంగా కనిపిస్తుంది. పగలు వచ్చి సాయంత్రం వెళ్లిపోయే సందర్శకులకు పడక గదులు అక్కరలేదు, రాత్రంతా ఏసీ అక్కరలేదు, స్నానపు నీళ్లు అక్కరలేదు. దర్బారు మందిరాల వంటి పెద్ద పెద్ద గదులున్న భవనాన్ని అరలు అరలుగా విడగొట్టి పడక గదులు చేయడం కన్నా మ్యూజియం చేయడం పర్యావరణానికీ భవనానికీ మంచిది. మొదటి నుంచీ నివాసంగా, అతిథుల విడిదిగా కట్టినదానికి హోటల్ సరిపోతుంది.

లీజు దారిలో ప్రమాదం కూడా హైదరాబాదులోనే కనిపిస్తుంది. 1915లో సర్ నిజామత్ జంగ్ కట్టించిన హిల్ ఫోర్ట్ భవనం తరువాతి కాలంలో రిట్జ్ హోటల్‌గా నడిచింది. హోటల్ మూతపడ్డాక ఏళ్ల తరబడి పాడుబడిపోయింది. హోటల్‌గా మారినంత మాత్రాన భవనానికి శాశ్వత రక్షణ దొరికినట్లు కాదు, వ్యాపారం ఆగిన రోజు దాని బాధ్యత ఎవరిదో ముందే రాసుకోవాలి.

మధ్యతరగతి కుటుంబాల పెద్ద ఇళ్లకు అసలైన పాఠశాల చెట్టినాడు. బర్మా, మలయా వ్యాపారాలతో సంపాదించిన నగరత్తార్లు (చెట్టియార్ వ్యాపారులు) కట్టుకున్న ఆ ఇళ్లు, రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆ వ్యాపారాలు చేజారిపోగా, ఏడాదికి ఒకటి రెండు పెళ్లిళ్లకు తప్ప తలుపు తెరవని స్థితికి వచ్చాయి. ఒక్కొక్క ఇంటికి పదుల సంఖ్యలో వారసులు. కానాడుకాత్తాన్‌లోని విశాలం, కడియాపట్టిలోని చిదంబర విలాస్, కారైకుడిలోని ది బంగళా వంటివి వసతులుగా మారి నిలబడ్డాయి. అక్కడ మారని విషయాలను గమనించండి: ముంగిళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో పడిన వాన నీరు తూముల గుండా బయటికి సాగుతుంది, నేల మీద ఆత్తంగుడి పలకలే ఉన్నాయి. ఆ పలకలు పక్క ఊళ్లోనే చేత్తో, గాజు మీద పోసి, బట్టీ అవసరం లేకుండా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి చేసినవి. వాటిలోనూ సిమెంటు ఉంటుంది, కాని కాల్చే పని లేదు, దూరం నుంచి లారీలో రావలసిన పని లేదు, పగిలిన పలకకు జత దొరుకుతుంది. సామగ్రి దగ్గరలో తయారవుతూ ఉండడం పాత ఇంటికి ఎంత బలమో ఇక్కడ తెలుస్తుంది. గోదావరి జిల్లాల లోగిళ్లను బాగుచేసేవారికి పెంకు విషయంలో ఇదే చిక్కు: కూన పెంకు, బంగాళా పెంకు చేసేవారు తగ్గిపోతున్నారు. అయిదారు ఇళ్లవారు కలిసి ఒకేసారి పెంకు చేయించుకుంటే తయారీదారుకూ బతుకు, ఇళ్లకూ కప్పు.

నెమ్మదిగా పెంచుకునే దారి ఒకటుంది. రాజస్థాన్‌లో 1464 నాటి నీమ్‌రాణా కోట శిథిలాన్ని ఫ్రాన్సిస్ వాచ్‌యార్గ్, అమన్ నాథ్ 1986లో తీసుకుని, 1991లో కొద్ది గదులతో తెరిచి, వచ్చిన ఆదాయంతో ఒక్కొక్క అంతస్తూ బాగుచేసుకుంటూ పోయారు. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవారికి ఇది అనువైన పద్ధతి. రెండు గదులతో మొదలుపెట్టి ఒక ఏడాది నీళ్లూ కరెంటూ ఎంత అయ్యాయో చూశాక మూడో గది గురించి ఆలోచించవచ్చు. అయితే కొద్ది గదుల కోట కాలక్రమంలో పెద్ద హోటల్ అయినట్లు, పెంచుకుంటూ పోవాలనే తహతహ కూడా ఈ దారిలోనే ఉంది. బావి చెప్పిన సంఖ్య దగ్గర ఆగగలగాలి.

ఒకే వీధిలో నాలుగైదు పాత ఇళ్లు ఖాళీగా ఉంటే ఇటలీవారి పద్ధతి మనకు బాగా పనికివస్తుందని నా నమ్మకం. వారు దాన్ని అల్బెర్గో డిఫ్యూజో అంటారు, అంటే ఊరంతా విస్తరించిన హోటల్. 1976లో ఫ్రియులి భూకంపంలో దెబ్బతిన్న ఊళ్లను మళ్లీ నిలబెట్టే ఆలోచనల్లోంచి ఇది పుట్టింది. అతిథి పేరు రాసుకునే చోటు, వంటిల్లు ఒక ఇంట్లో ఉంటాయి. పడక గదులు ఇంటికి రెండు చొప్పున వేరువేరు ఇళ్లలో ఉంటాయి. నీళ్ల భారం ఒకే బావి మీద పడకుండా వీధంతా పంచుకుంటుంది. ఏ ఇంటినీ విస్తరించవలసిన అవసరం రాదు. మన అగ్రహారాల్లో, చేనేత వీధుల్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి నడక కూడా తక్కువ. కష్టమల్లా నాలుగు కుటుంబాల వారసులు ఒక కాగితం మీద సంతకం పెట్టడమే, అది చిన్న కష్టం కాదు.

ప్రభుత్వం చేతిలో ఉన్న పాత బంగళాల విషయానికి వస్తే స్పెయిన్‌లోని పారడోర్లనే ప్రభుత్వ హోటళ్ల నమూనా ఉంది. 1928లో గ్రెడోస్ కొండల్లో కొత్తగా కట్టిన ఒక వసతితో మొదలై, తరువాత కోటలను, మఠాలను తీసుకుంటూ ఆ ప్రభుత్వ సంస్థ ఇప్పుడు దాదాపు వంద హోటళ్లు నడుపుతోంది. సాంతియాగోలో 15వ శతాబ్దం చివర యాత్రికుల కోసం తలపెట్టిన ఆసుపత్రి 1954 నుంచి అందులో ఒకటి. యాత్రికుల కోసమే కట్టిన భవనం మళ్లీ అతిథులకే వసతి అయ్యింది కాబట్టి దాని మూల ప్రయోజనం పెద్దగా మారలేదు. మన జిల్లాల్లో పాడుబడుతున్న ట్రావెలర్స్ బంగళాలకు ఇదే వర్తిస్తుంది.

మీ ఇంటికి ఏది

ఇల్లు బలహీనపడి, గోడల్లో సగానికి పైగా తిరిగి కట్టవలసి వస్తే, వసతిగా మార్చడం వల్ల పర్యావరణానికి మేలు జరుగుతుందని నేను చెప్పలేను. అప్పుడు నిలబడగలిగిన భాగాన్నే ఉంచుకుని, మిగతాది తోటగా వదిలి, రెండు గదులతో సరిపెట్టుకోవడం మంచిది. ఇల్లు గట్టిగా ఉండి, కుటుంబంలో ఒకరైనా అక్కడ నివసించడానికి సిద్ధంగా ఉంటే సొంతంగా నడుపుకునే చిన్న వసతి అన్నిటికన్నా మేలైనది, ఎందుకంటే కారే పెంకును మొదటి వానకే చూసేవారు ఇంట్లో ఉంటారు. ఎవరూ ఉండలేకపోతే వీధివారితో కలిసి విస్తరించిన హోటల్, అదీ కుదరకపోతే లీజు. గడీ, కోట వంటి పెద్ద భవనాలకు లీజు తప్పదు. పడగొట్టి లాడ్జి కట్టడాన్ని ఏ సందర్భంలోనూ నేను సిఫారసు చేయను. స్థలం కావాలంటే ఊళ్లో ఖాళీ స్థలాలకు కొదవ లేదు.

లీజు రాసేవారు కొన్ని షరతులు కచ్చితంగా పెట్టించుకోవాలి. పాత గోడల మీద సిమెంటు పూత నిషేధం, మండువా తెరిచి ఉంచడం, గదుల గరిష్ఠ సంఖ్య, మురుగు శుద్ధి ఏర్పాటు, వేసవిలో బావి మట్టం ఒక గుర్తు కంటే దిగితే అతిథుల సంఖ్య తగ్గించడం, ఏటా పెంకు నేత, లీజు ముగిసినా వ్యాపారం ఆగినా భవనాన్ని ఏ స్థితిలో అప్పగించాలో ఫొటోలతో సహా వివరం. కొత్తగా చేర్చిన ప్రతిదీ పాతదానికి గాయం కాకుండా తీసేయగలిగేలా ఉండాలన్న మాట కూడా రాయించండి. పాత కలప ఇళ్లలో వైరింగు పూర్తిగా మార్చడం, అగ్నిమాపక ఏర్పాట్లు చేయడం ఖర్చు తగ్గించుకోదగ్గ విషయాలు కావు.

గుర్తింపు కోరుకునేవారికి కేంద్ర పర్యాటక శాఖ వర్గీకరణలో 1950కి ముందు కట్టిన కోటలు, హవేలీలు, రాజభవనాలు, వేట బంగళాలు, నివాసాలు వారసత్వ హోటళ్లుగా నమోదు కావచ్చు. మొదటి మెట్టుకు కనీసం 5 గదులు కావాలి. బావి మూడు గదులకే చాలుతుందంటే గుర్తింపు కోసం మరో రెండు గదులు కట్టకండి. మామూలు హోమ్‌స్టేగా నడుపుకోవచ్చు. దగ్గరలో కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం ఉంటే, దాని చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధమనీ, ఆ పైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరనీ గుర్తుంచుకోవాలి. ఇంకొక సంగతి: అతిథి మీ ఇంటికి ఎలా చేరుకుంటాడన్నది కూడా లెక్కలోకి వస్తుంది. రైలు స్టేషను నుంచి ఆటో ఏర్పాటు చేసి, రైల్లో వచ్చేవారికి గది అద్దెలో కొంత తగ్గించడం మీ చేతిలో ఉన్న పనే.

ఆర్కిటెక్టును పిలవడానికి ముందు కుటుంబంలో ఇద్దరు ముగ్గురు ఆ ఇంట్లో మే నెలలో ఒక వారం, ఆగస్టులో ఒక వారం ఏసీ లేకుండా ఉండి చూడండి. మధ్యాహ్నం రెండింటికీ తెల్లవారుజామున నాలుగింటికీ ప్రతి గదిలో ఉష్ణోగ్రత రాసుకోండి. బావిలో నీటిమట్టం తాడుతో కొలవండి. వాన పడినప్పుడు ఏ మూల కారుతోందో, మండువాలో నీరు ఎంతసేపట్లో బయటికి పోతోందో, పెరట్లో ఎక్కడ నిలుస్తోందో ఒక పుస్తకంలో గీసుకోండి. ఫ్యాను ఒక్కదానితో నిద్రపట్టిన గదులు ఎన్నో లెక్కపెట్టి, మే నెలలో బావి రోజుకు ఇవ్వగలిగిన నీటిని గదికి రెండు మంచాల లెక్కన 360 లీటర్లతో భాగించి, ఆ రెండు సంఖ్యల్లో ఏది చిన్నదైతే అన్ని గదులకే ప్లాను గీయమని అడగండి.